రంగు చూసిన గుడ్డ

"తగలబెట్టలేదమ్మా. యోహాను మాస్టారు ఒక్క బొమ్మ కూడా తగలబెట్టలేదు."

"పుస్తకంలో ఉందండీ మామ్మగారూ. ఒక్క పుస్తకంలో కాదు, ఆయన గురించి రాసినవాళ్ళందరూ అదే రాశారు. అవమానాలు పడలేక, మనసు విరిగి, పదకొండు బొమ్మలూ ఒక్క మంటలో వేసేశారని."

"రాసినవాళ్ళలో చూసినవాళ్ళెవరు?"

"చూసినవాళ్ళంటే... అది అందరికీ తెలిసిన విషయమేనండీ."

"అందరికీ తెలిసింది నాకు తెలీదా? అది మా ఇల్లు. మా పెరడు. ఆ మంట వేసింది నేను."

"అంటే మంట ఉందన్నమాటేగా!"

"మంట ఉంది. మంటలో బొమ్మలు లేవు."

"మరి ఎక్కడున్నాయండీ?"

అంతసేపూ గట్టిగా మాట్లాడినదాన్ని, ఎనభై దాటినదాన్ని, మనవరాలి ఈడు పిల్ల ముందు ఎక్కం మర్చిపోయిన బడిపిల్లలా నిలబడ్డాను. అదే సమయానికి వంటింట్లో గంజి పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. నా నేత చీరలకు నేనే గంజి కాచుకుంటాను. బజారులో అమ్మే గంజిపొడికి డబ్బులు పోయడం నాకు ఇష్టం ఉండదు. పొంగిన గంజి మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. లోపలికి వెళ్ళి గిన్నె దింపి, గట్టు తుడిచి, కావాలనే ఆలస్యం చేసి వచ్చాను. ఆ అమ్మాయి కదలకుండా అక్కడే కూర్చుని ఉంది.

పేరు కల్యాణి. పట్నంలో బొమ్మలు వేసేవాళ్ళ జీవితాల మీద పుస్తకాలు రాస్తుందట. యోహాను మాస్టారి మీద కొత్త పుస్తకం అచ్చుకు వెళుతోందని, ఆయన మొదట మా ఇంట్లోనే ఉండేవారని ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ అమలాపురంలో మా అబ్బాయి ఇంటి దాకా వచ్చింది. పాత పుస్తకం ఒకటి వెంట తెచ్చింది. పీట మీద పెడితే పీట కదిలింది, అంత బరువు. దాని నిండా ఆయన బొమ్మలు. తెల్లటి గుడ్డల మీద రంగు ఉందా లేదా అన్నట్టుండే పెద్ద పెద్ద బొమ్మలు. ఉతికి ఉతికి వెలిసిన దుప్పటి మీద మిగిలిన మరకల్లా, అక్కడొక మనిషి ఆనవాలు, ఇక్కడొక మగ్గం ఆనవాలు. ప్రతిదాంట్లోనూ కింద కుడిపక్కన వంపు తిరిగిన సన్నటి నీలం గీత. ఆ గీతకు పుస్తకంలో అర్థం రాశారు, గోదావరి అని. ఆ తెలుపుకు పేరు పెట్టారు, శూన్యం అని.

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతానండీ," అంది కల్యాణి లేస్తూ. "వెళ్ళేముందు ఒకసారి వస్తాను. చెప్పదలుచుకుంటే చెప్పండి. మీరు చెప్పకపోతే నేనేం చెయ్యలేను, పాత వాక్యమే ఉంచాలి."

చెప్పానో లేదో చివర రాస్తాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆయనను చూడనివాళ్ళకు ముందు ఆయన ఎవరో తెలియాలి, ఎందుకంటే పుస్తకాల్లో ఉన్న మనిషి నాకు తెలిసిన మనిషి కాడు.

మాది బండారులంక. తెల్లవారక ముందే మగ్గాల చప్పుడు మొదలయ్యే ఊరు. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. నాకు పదేళ్ళు నిండాయి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను. అమలాపురం హైస్కూలుకు కొత్తగా డ్రాయింగు మాస్టారు వచ్చారని, పాతికేళ్ళవాడని, సైకిలు మీద ఊరూరా తిరిగి అద్దెకు గది అడుగుతున్నాడని తెలిసింది. వాళ్ళది రాజోలు వైపు. తాత కాలంలో చర్చిలో చేరారు. వాళ్ళమ్మ పొలం పనులకు వెళ్ళి, మోపులు మోసి ఆయనను చదివించింది. బడిలో ఆయనను అందరూ "మాస్టారండీ" అనేవారు. గది మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పేరు వినగానే వీధి తలుపు దగ్గరే మాట మారిపోయేది.

మా మగ్గాల పాకలో రెండు మగ్గాలకు ఒకటే నడుస్తోంది. నాన్న రెండోది విప్పేసి, తడిక కట్టి, ఆ సగం ఆయనకిచ్చాడు. వీధివాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"ఏంటి నాగయ్యా, అడిగే పెద్దలు లేరనుకున్నావా?"

"మగ్గం పడుకున్న చోట మనిషి పడుకుంటే తప్పేంటండీ?" అన్నాడు నాన్న. అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాడు.

నాయనమ్మ అడ్డు చెప్పలేదు. చెప్పింది ఒక్కటే. "ఉండనీ. గ్లాసు మాత్రం వేరు." నొక్కులు పడ్డ ఇత్తడి గ్లాసు ఒకటి తీసి పాక గోడ మీద బోర్లించింది. మాస్టారు బడి నుంచి వచ్చి మంచినీళ్ళడిగితే, నేను చెంబు ఎత్తి పట్టుకుని ఆ గ్లాసులోకి పైనుంచి పోసేదాన్ని. ఒక్క చుక్క కింద పడకుండా పోస్తానని నాకు గొప్పగా ఉండేది కూడాను. "చాలు రత్తాలూ, నీ చెయ్యి కుదురు మంచిది," అనేవారు ఆయన. ఆ మెచ్చుకోలుకు పొంగిపోయిన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

కొత్తలో ఆయన బొమ్మలు వేయడం నేను చూడలేదు, మా పని చూడడమే చూశాను. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు, అంటే నిలువు పోగులు, సాచి గంజి పెడతాం కదా, ఆ వేళకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవారు. నాయనమ్మ పెద్ద కుంచె పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పోగులు దువ్వుకుంటూ నడిచేది. ఆయన కూడా పక్కనే నడిచేవారు, నాలుగడుగుల దూరంలో.

"గంజి ఎంత చిక్కగా కాయాలమ్మా?" అని అడిగారొకరోజు.

"మీకెందుకండీ మాస్టారూ, మగ్గం నేస్తారేంటి?"

"గుడ్డకి పెడతానమ్మా. పటాలు వేసే గుడ్డ మద్రాసు నించి రావట్లేదు, యుద్ధం కదా. మీ గుడ్డే నాకు పటం."

నాయనమ్మకు ఆ ప్రశ్న నచ్చింది. "మరీ చిక్కగా కాస్తే ఎండేక విరుగుద్ది. పల్చగా కాస్తే నూగు లేస్తది. వేలితో తీస్తే జారీ జారనట్టుండాలి," అని నేర్పింది. అలా మా నాన్న నేసిన గుడ్డకు మా నాయనమ్మ నేర్పిన గంజి పెట్టి, విరిగిన మగ్గం కర్రలతో చట్రం చేసుకుని, తుమ్మబంకలో ఎర్రమట్టి జాజు, సున్నం, దీపం మసి, నీలిమందు కలుపుకుని బొమ్మలు వేశారు యోహాను మాస్టారు. నూనె రంగులు దొరికి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. బంక రంగు నీళ్ళకు నిలవదు.

నేను ఆ తడిక పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. ఒకరోజు నా చేతిలో పోగు చూపించి, "ఇది ఏ రంగు?" అన్నారు.

"తెలుపండీ."

"మళ్ళీ చూడు."

"తెలుపేనండీ! నాన్న తెచ్చిందే."

"నాన్న తెచ్చింది కాదు, నువ్వు చూసింది చెప్పు. రాట్నం మీదున్నదీ నీ ఒళ్ళో నీడలో ఉన్నదీ ఒకటేనా?"

ఆయన పిచ్చివాడనుకున్నాను. కానీ చూశాను. ఎండలో ఉన్నది పసుపు పచ్చగా ఉంది. ఒళ్ళో ఉన్నది నీలంగా ఉంది. రెండూ ఒకటే పోగు. అంతవరకు నా కళ్ళముందే ఉండి నాకు కనబడనిది ఆ పూట కనబడింది. ఆ రోజు సాయంత్రం దాకా కనబడిన తెలుపునల్లా పట్టిపట్టి చూశాను. అన్నం, సున్నం గోడ, కొంగ, నాయనమ్మ జుట్టు. ఏ రెండూ ఒకటి కావు. మూడో తరగతితో ఆగిన నా చదువు మళ్ళీ మొదలైంది ఆ రోజే. పలకా లేదు, పుస్తకమూ లేదు.

ఆయన దగ్గర ఒక నిషేధం ఉండేది. "బాగుంది" అనకూడదు. వీధిలో పెద్దమనుషులు ఎవరైనా తొంగిచూసి "బాగుందండీ మాస్టారూ" అంటే నవ్వి ఊరుకునేవారు. నేనంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. వాళ్ళమ్మ బొమ్మ వేసిన రోజు నాకు బాగా గుర్తు.

"బాగుందండీ," అన్నాను.

"బాగుంది అనకు. ఏం చూశావో చెప్పు."

"ఒకావిడ. వెనక్కి తిరిగి కూచుంది. తెల్లచీర, సన్నటి నీలం అంచు. కుడి భుజం కిందకి జారి ఉందండీ."

"ఎందుకు జారింది?"

నేను చాలాసేపు చూశాను. "మోపులు మోసి."

"ఆయ్, అదీ," అన్నారు. కుంచె కడిగే చెయ్యి ఆగింది. "మా అమ్మ. ఫోటో తీయించుకోదు. తీయిస్తానంటే, ఆ డబ్బులెట్టి పుస్తకం కొనుక్కోరా అంటది."

ఇలా పదకొండు బొమ్మలు. మా వీధి పడుగు, గుంట మగ్గంలో మా నాన్న కాళ్ళు, కుంచె పట్టుకున్న నాయనమ్మ, రేవులో పడవ కోసం నిలబడ్డ జనం, పొలంలో వరి ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ళు, వాళ్ళమ్మ. ఎవరూ అంతకు ముందు మమ్మల్ని బొమ్మ వెయ్యదగ్గవాళ్ళుగా చూడలేదు. దేవుళ్ళనూ రాజులనూ వేసేవాళ్ళు అందరూను.

ఇక్కడ మా ఇళ్ళలో ఒక అలవాటు చెప్పాలి. అంచులకు నూలు ఇంట్లోనే రంగు వేసుకునేవాళ్ళం. రంగు కుదిరిందో లేదో ముందు ఒక గుడ్డ మీద వేసి చూస్తాం. దాన్ని "రంగు చూసిన గుడ్డ" అంటాం. పని అయ్యాక దాన్ని పారేయం. చాకలివాళ్ళు వాడే చవుడు మట్టి వేసి ఉడకబెట్టి, రంగు వదలగొట్టి, చిన్నపిల్లలకు చొక్కానో పక్కగుడ్డో కుట్టుకుంటాం. మా నాయనమ్మ దృష్టిలో గుడ్డ మీద రంగు పడిందంటే అది చూడడానికి పడ్డదే. చూడడం అయిపోయాక గుడ్డ గుడ్డే.

యుద్ధం చివరికొచ్చేసరికి నూలుకు కంట్రోలు వచ్చింది. కార్డు మీద ఇచ్చే నూలు వారాల తరబడి వచ్చేది కాదు. నాన్న తెల్లారి అమలాపురం వెళ్ళి వరసలో నిలబడి పొద్దుపోయేవేళకు ఉత్త చేతులతో వచ్చేవాడు. మగ్గం ఆగిపోయింది. ఊరి నిండా నేతగాళ్ళు, ఒంటి మీద గుడ్డలేదు. నా లంగా అతుకుల మీద అతుకులు పడి, కూర్చుంటే చిరిగేది. పదకొండేళ్ళు నిండాయి, వీధిలోకి వెళ్ళడం మానేశాను.

ఆ వేసవిలో వాళ్ళమ్మకు జబ్బుగా ఉందని కబురొస్తే మాస్టారు రాజోలు వెళుతూ పాక తాళం నా చేతిలో పెట్టారు.

"రత్తాలూ, బొమ్మలకి గంజి ఉంది కదా, ఎలకలూ బొద్దింకలూ వదలవు. రోజూ తలుపు తీసి చూస్తుండు. తాళం ఎవరికీ ఇవ్వకు."

"ఆయ్, అలాగేనండి."

పది రోజులు కాపలా కాశాను. పదకొండో రోజు పొద్దున్న నాన్న అమలాపురం వెళ్ళాక నాయనమ్మ నా పక్కన కూర్చుంది.

"ఆ మాస్టారి గదిలో రంగు చూసిన గుడ్డలు చుట్టలు చుట్టలు ఉన్నాయంట కదే?"

"అవి బొమ్మలే నాయనమ్మా."

"బొమ్మలేసి చూసుకున్నాడు, అయిపోయింది. మీ నాన్న నేసిన గుడ్డే కదా. మంచి సాపు గుడ్డ, ఎలకల పాలవుతది. మళ్ళీ నూలు వచ్చేక నేసి ఇచ్చేద్దాం. నీకు లంగా వద్దేంటి?"

ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. ఈ రెండింటికీ ఎంత దూరం ఉందో ఎనభై ఏళ్ళొచ్చినా నేను కొలవలేకపోయాను. ఆ పదకొండింటిలో ఏముందో ఈ భూమ్మీద ఆయన తరువాత తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. వద్దు అనవచ్చు. ఏడవవచ్చు. తాళం కాలువలో పారెయ్యవచ్చు. కొత్త లంగా కళ్ళముందు కనబడింది. తాళం ఇచ్చేశాను.

పెరట్లో రాళ్ళు పెట్టి గంజి కాచే పెద్ద బాన ఎక్కించాం. నేనే కొబ్బరిమట్టలు ఎగదోశాను. చవుడు నీళ్ళు కాగాక నాయనమ్మ ఒక్కొక్కటే విప్పి ముంచింది. గంజీ బంకా కలిసి పైకి పొంగి మంట మీద పడి మాడాయి. జాజు ముందు వదిలింది. నీళ్ళు ఎర్రగా, తరువాత బురద రంగుగా మారాయి. కర్రతో తిప్పుతుంటే మా నాన్న కాళ్ళు పైకి తేలి కనబడి మళ్ళీ మునిగాయి. నాయనమ్మ తన బొమ్మను తనే ముంచింది. "నన్ను కూడా ఏసేడే!" అని నవ్వింది కూడాను. ఆ నీళ్ళు పెరటి కాలువలోకి పారబోసింది నేనే.

సాయంత్రం నాన్న వచ్చి తాడు మీద ఆరేసిన గుడ్డలు చూసి చెప్పులు విప్పకుండానే కూలబడ్డాడు. "అమ్మా, ఆయన్ని అడిగేవా?" అన్నాడు.

"ఊళ్ళో లేని మనిషిని ఎలా అడుగుతానురా?"

మిగతా గుడ్డలు పంచెకూ, నాయనమ్మ చీర అతుక్కూ సరిపోయాయి. నా లంగాకు వచ్చిన ముక్కలో ఒకచోట నీలిమందు పూర్తిగా వదలలేదు. కుచ్చెళ్ళ కింద, కుడిపక్కన, వంపు తిరిగిన సన్నటి గీత. అది ఏ బొమ్మదో నాకు తెలుసు. తెలిసే కట్టుకున్నాను.

మూడు వారాలకు మాస్టారు వచ్చారు. సైకిలు దిగుతూనే నాన్నతో, "అమ్మ పోయిందండీ," అన్నారు. నేను గోడ మీది తాళం తీసి ఇచ్చాను. లోపలికి వెళ్ళారు. వెంటనే బయటికి వచ్చారు.

"రత్తాలూ, మా అమ్మ ఏదీ?"

ఆయన చూపు నా లంగా మీద పడింది. ఆ గీత మీద ఆగింది. ఆయన రంగులు చూడడం నాకు నేర్పిన మనిషి. ఆయనకు వేరే చెప్పాలా?

నాయనమ్మ ముందుకొచ్చింది. "రంగు చూసిన గుడ్డలేనని వాడేమండీ మాస్టారూ. నూలు రాగానే ఒక్క గజం తగ్గకుండా నేసిచ్చేస్తాం."

ఆయనకు కోపం రాదని వీధిలో అందరూ అనేవారు. పుస్తకాల్లోనూ అలాగే రాశారు, సాధువని. సాధువేం కాదు. గోడ మీద బోర్లించిన ఇత్తడి గ్లాసు తీసి నాయనమ్మ కళ్ళముందు పట్టుకున్నారు.

"నేను తాగిన గ్లాసు మీకు పనికిరాదు. నేను పూసిన గుడ్డ పనికొచ్చిందా అమ్మా?"

ఆ గ్లాసు అక్కడే పెట్టి, నావైపు తిరిగి, "తాళం ఎందుకిచ్చావు?" అన్నారు.

"తెలీదండీ."

"తెలుసు," అన్నారు. అంతే. నెల తిరగకుండా కొత్తపేట బడికి మార్పించుకుని వెళ్ళిపోయారు. ఆ గ్లాసు వదిలేసి వెళ్ళారు. నాయనమ్మ దాన్ని లోపలికి తెచ్చి మా గ్లాసుల్లో కలిపేసింది. మనిషి ఉన్నన్నాళ్ళూ గోడ మీద ఉంచి, పోయాక కలిపితే ఎవరికి కావాలి?

పంతొమ్మిది వందల యాభైల్లో నన్ను కొత్తపేట ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన ఇంకా అక్కడే పనిచేస్తున్నారని తెలిసి, పెద్దవాణ్ణి చంకన వేసుకుని ఒక మధ్యాహ్నం బడికి వెళ్ళాను. నలభై రాకుండానే ఆయన జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టారు. కూర్చోమని బల్ల తుడిచారు, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చారు. ఆయన తాగే గ్లాసులోనే. తాగాను.

"ఆ లంగా ఏం చేశావు?"

"చిరిగేదాకా కట్టేనండీ. ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి దాచేను." కొంగు ముడి విప్పి గుడ్డ ఇచ్చాను.

కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. కాగితం పెట్టి, ఆ వంపు ఉన్నదున్నట్టు పెన్సిలుతో దించుకున్నారు. గుడ్డ ఆయనకే ఉంచుకోమన్నాను.

"వద్దు. నీ దగ్గరే ఉండాలి. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఏం చూశావో చెప్పు. బాగుంది అనకు, బాగోలేదు అనకు. చూసింది చెప్పు."

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని ఆయన అనలేదు. తరువాత ఆయన మద్రాసు వెళ్ళారు. తెల్లబొమ్మలు వేశారు. వాటితో పేరొచ్చింది, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చూశారట, ఆయన తరువాత చాలామంది అలాగే వేయడం నేర్చుకున్నారట. ఆయన పోయాక పేపర్లో ఫోటో వేశారు. అప్పటి నుంచీ మొదలైంది ఈ మంట కథ. ఎవరు పుట్టించారో తెలియదు. తనవాళ్ళను తనే తగలబెట్టుకున్న పిచ్చివాడిగా చేశారు. అమ్మ బొమ్మను చేతులారా మంటలో వేసే కొడుకా ఆయన? ఆ తెలుపు శూన్యమట! ఎన్ని తెలుపులున్నాయో లెక్కపెట్టడం చేతకానివాళ్ళు దానికి శూన్యమని పేరు పెట్టారు. ఆ నీలం గీత గోదావరట! మోపులు మోసి జారిన భుజం మీది చీర అంచు అది.

ఇంత కోపం ఉన్నదానివి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. ఎవరూ అడగలేదు. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆయన తగలబెట్టారని లోకం అంటుంటే మా ఇల్లు చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు అలవాటైపోయింది.

మొదటి రోజు కల్యాణి వెళ్ళాక, సాయంత్రం మా అబ్బాయితో జరిగిందంతా చెప్పి, రేపు ఆ అమ్మాయికీ చెబుతానన్నాను. కాఫీ పక్కన పెట్టేశాడు.

"ఇప్పుడెందుకమ్మా? పోయినవాళ్ళందరూ పోయేరు. మీ నాయనమ్మని దొంగని చేసి పుస్తకంలో ఎక్కిస్తావా? రేపు నా పిల్లలు చదవరూ?"

"చదవాలనే."

"ఆవిడ తెలీక చేసింది కదా."

"ఆవిడ తెలీకే చేసింది. అది కూడా రాయిస్తాను. తెలిసి చేసినదాన్ని నేను. నన్ను కూడా రాయిస్తాను."

వాడు రాత్రి అన్నానికి రాలేదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి కల్యాణి వచ్చింది. అంతా చెప్పాను. రాసుకుంది. రాస్తూ రాస్తూ కళ్ళు మెరుస్తూ తలెత్తింది.

"అయితే మామ్మగారూ, ఆ తెల్లబొమ్మలకి పునాది మీ పెరట్లోనే పడిందన్నమాట! మీ నాయనమ్మగారు అలా చెయ్యకపోతే ఆయన అంత గొప్ప..."

"ఆపమ్మా. ఆ మాట రాశావా?"

"ఆఁ."

"కొట్టెయ్. ఆయన వేశారు, ఆయన గొప్ప. మేము ఉడకబెట్టేం, అది తప్పు. ఈ రెండిటికీ పెళ్ళి చెయ్యకు. మా పాపాన్ని ఆయన గొప్పలో కలిపితే పాత అబద్ధం పోయి కొత్త అబద్ధం వస్తది."

కొట్టేసింది. మొదటి నుంచీ చదివి వినిపించమన్నాను. గ్లాసు సంగతి కూడా ఉందో లేదో చూశాను. ఉంది. కింద నా పేరు నేనే రాశాను. తరువాత పెట్టె తెరిచి గుడ్డ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పరిచాను. ఫోటో తీసుకుంది.

"ఏం కనబడుతోంది?" అన్నాను.

"గోదా..." అని ఆగింది. వంగి చూసింది. "చీర అంచండీ. భుజం మీది వంపు. కొంచెం కిందకి దిగి ఉంది."

ఎనిమిదింటి బస్సుకు ఆ అమ్మాయి వెళ్ళింది. మా అబ్బాయి లేచి వచ్చి కాఫీ తాగాడు. నేను గుడ్డ మడిచి పెట్టెలో పెట్టాను. నిన్నటి గంజి పారబోయకుండా నీళ్ళు కలిపి పల్చన చేసి, నా చీర ముంచి, పెరట్లో ఆరేశాను.